స్కూటర్లను వెనక్కి పిలిపించారు, బస్సు ఏసీల మాటేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

బస్సు తగలబడిన వార్త మీ పత్రికలో ఎప్పుడొచ్చినా చివర్లో ఒక వాక్యం ఉంటుంది. 'ఏసీలో షార్ట్ సర్క్యూట్ వల్లే మంటలు చెలరేగి ఉంటాయని ప్రాథమికంగా భావిస్తున్నారు.' ఒక్క మీ పత్రికనే అనడం లేదు, అన్నిటిదీ అదే వరస. ఆ తర్వాత ఆ బస్సు సంగతి మళ్లీ రాదు. ఏ వైరు కాలింది, వైర్లను కలిపే ఏ కనెక్టర్ కరిగింది, ఆ ఏసీ యూనిట్ ఎవరు తయారుచేశారు, అదే యూనిట్ నెత్తిన పెట్టుకుని ఇంకెన్ని బస్సులు ఇవాళ రాత్రికి రోడ్డెక్కుతున్నాయి అని ఎవరూ అడగరు. అది అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గా వచ్చింది. కత్తిరించక తప్పదనుకుంటే నా సొంత సంగతులు తీసేయండి, కనెక్టర్ గురించి రాసింది మాత్రం ఉంచండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలతో మొదలుపెట్టాను. ఏసీ బస్సులు పెరిగాక వాటి వైరింగ్ పనిలోకి వచ్చాను. గ్యాస్, కంప్రెసర్ పనులు చేసేవాళ్లు వేరే ఉన్నారు, కరెంటు పని నాది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, విశాఖ లైన్లలో తిరిగే ట్రావెల్స్ బస్సులు పొద్దున ప్యాసింజర్లను దింపి మా వీధుల్లోకి వస్తాయి. సాయంత్రానికి మళ్లీ బోర్డింగ్ పాయింట్ దగ్గర ఉండాలి. మధ్యలో దొరికే ఆ కొద్ది గంటల్లోనే మా పనంతా జరగాలి. ఈ తొందర కూడా ప్రమాదాల్లో ఒక భాగమే, ఆ మాట తర్వాత చెబుతాను.

ముందు బస్సు ఏసీ ఎలా ఉంటుందో చెప్పాలి. చాలామంది అది ముందు డ్రైవర్ దగ్గరో, వెనక ఇంజన్ దగ్గరో ఉంటుందనుకుంటారు. కంప్రెసర్ మాత్రమే కింద ఇంజన్ బెల్టు మీద తిరుగుతుంది. మిగతాదంతా పైకప్పు మీదే. ఫైబర్ మూత విప్పితే అటూ ఇటూ వరసగా బ్లోయర్ మోటార్లు, వేడిని బయటికి తోసే కండెన్సర్ ఫ్యాన్లు కనిపిస్తాయి. బ్లోయర్లు తోసే చల్లగాలి బస్సు పొడవునా రెండు పక్కలా ఉన్న డక్టుల్లోకి వెళ్లి, అక్కడి నుంచి మీ బెర్తు మీదున్న చిన్న మూతల్లోంచి బయటికొస్తుంది. ఈ మోటార్లన్నీ నడిచేది 24 వోల్టుల మీద. ఇక్కడే ఉంది చిక్కంతా.

24 వోల్టులంటే ముట్టుకున్నా షాక్ కొట్టదు కదా, భయమేముంది అంటారు. షాక్ కొట్టని మాట నిజమే. కానీ 2,000 వాట్ల పని ఇంట్లో 230 వోల్టుల మీద చేయిస్తే వైరులో పారేది 9 ఆంపియర్ల లోపే. అదే పని 24 వోల్టుల మీద చేయిస్తే 83 ఆంపియర్లు పారాలి. వైరులో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే బస్సులో వోల్టేజీ తక్కువని ధీమాగా ఉండటానికి లేదు. తక్కువ కాబట్టే ప్రతి జాయింటూ గట్టిగా, శుభ్రంగా ఉండాలి.

మా షెడ్డుకొచ్చే బండ్లలో నాకు తరచూ కనబడేది చెబుతాను. బ్లోయర్ల వరసకు కరెంటు అందించే నాలుగు పిన్నుల ప్లాస్టిక్ కనెక్టర్ ఒకటి ఉంటుంది. తెల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి, మళ్లీ గడ్డకట్టి ఉంటుంది. పిన్ను మీద పూత పోయి రాగి నల్లబడి ఉంటుంది. దాని వెనక నాలుగంగుళాల వైరు పట్టుకుని వంచితే పైతొడుగు అప్పడంలా పుటుక్కున విరుగుతుంది. బెత్తెడు దూరంలో డక్టుకు అంటించిన నల్ల ఫోమ్ ఉంటుంది, దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, దుప్పట్ల నూగు. ఆ బండి ముందురోజు రాత్రి నిండా ప్యాసింజర్లతో బెంగళూరు నుంచి వచ్చి ఉంటుంది.

ఆ పిన్నులో 40 ఆంపియర్లు పారుతున్నాయనుకోండి. రోడ్డు కుదుపుకో, వాన చెమ్మకో, పిన్నుకు వైరును నొక్కి బిగించిన చోటు (క్రింపింగ్) వదులైపోయో అక్కడ 0.02 ఓం నిరోధం చేరితే చాలు, ఆ ఒక్క చోట 32 వాట్ల వేడి పుడుతుంది. నా బల్ల మీదున్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దాంతో సీసం కరిగిస్తాను. అంతకంటే ఎక్కువ వేడి గోరంత పిన్ను మీద రాత్రంతా ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మరి ఫ్యూజు ఉంది కదా, పోదా? పోదు. ఫ్యూజు చూసేది కరెంటు ఎంత పారుతోందన్నది మాత్రమే. వదులైన జాయింటులో కరెంటు పెరగదు, ఇంకా కాస్త తగ్గుతుంది. కాబట్టి ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, కనెక్టర్ కాలుతూ ఉంటుంది. ఇది షార్ట్ సర్క్యూట్ కానే కాదు. షార్ట్ చివర్లో జరుగుతుంది, తొడుగులు కరిగి రెండు వైర్లు కలిసినప్పుడు. అప్పటికి ఫోమ్ అంటుకుని ఉంటుంది. పోలీసులొచ్చి చూసేసరికి కలిసిపోయిన వైర్లే కనబడతాయి, రిపోర్టులో అదే రాస్తారు.

గ్యాస్ పేలిందని కూడా కొన్నిసార్లు రాస్తుంటారు. బస్సు ఏసీల్లో సాధారణంగా వాడే ఆర్134ఏ గ్యాస్ మామూలుగా అంటుకోదు. అయితే మంటలు పైపుల దాకా వచ్చాక దాంతోపాటు చిమ్మే కంప్రెసర్ ఆయిల్ భగ్గుమంటుంది, గ్యాస్ వేడికి విడిపోయి విషమవుతుంది. చవగ్గా వస్తుందని వంటగ్యాస్ జాతి గ్యాసులు కలిపి నింపిన బండయితే ఇక ఆ లెక్కే వేరు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆ కనెక్టర్ ఒక బండిలో కాలితే ఆ బండి ఖర్మ అనుకోవచ్చు. వేరు వేరు ఓనర్ల బండ్లలో, వేరు వేరు చోట్ల బాడీ కట్టిన బండ్లలో, ఒకే కంపెనీ ఏసీలో, అదే చోట, అదే పిన్ను కాలుతుంటే? లోపం తయారీలోనే ఉందని చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఆ పిన్ను మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు దాని మీద పెట్టారు. ఆ కంపెనీ సర్వీసు కుర్రాడు ఒకరోజు మా షెడ్డు దగ్గరకొస్తే చూపించాను.

"అవును బాబాయ్, మాకు తెలుసు. కొత్త లాట్‌లో ఆ కనెక్టర్ తీసేశారు. వైరు చివర లోహపు లగ్గు పెట్టి బోల్టు బిగిస్తున్నారు" అన్నాడు.

"మరి పాత లాట్ బండ్లకు?"

"వారంటీలో ఉన్నవి సర్వీసుకొస్తే మారుస్తున్నాం. బయటివాటికి అడిగితే పార్ట్ ఇస్తాం, డబ్బులు కట్టాలి."

"అడగాలంటే ముందు తెలియాలి కదా?"

నవ్వాడు. ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. సర్వీసువాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిందట, పాత కనెక్టర్ ఎలా తీయాలో, కొత్తది ఎలా బిగించాలో. ఆ ఫొటో ఓనర్లకు పోలేదు, డ్రైవర్లకు పోలేదు, మాలాంటి బయటి మెకానిక్కులకు పోలేదు, రవాణా శాఖకూ పోయినట్టు లేదు. కుర్రాడి మీద నాకు కోపం లేదు. నాకు చెప్పడం కూడా వాడి ఉద్యోగానికి ముప్పే. కానీ లోపం ఉందని కంపెనీకి తెలుసు, మందు ఏమిటో తెలుసు, ఆ మందు ఫొటో కూడా ఉంది. ఏ బస్సుల్లో ఆ లాట్ యూనిట్లు ఉన్నాయో వాళ్ల పుస్తకాల్లో ఉండకపోదు. లేనిదల్లా నోరు తెరిచి చెప్పడమే.

రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం, పెట్టింది ఇందుకే కదా. కార్ల కంపెనీలు ఎయిర్‌బ్యాగు బాగాలేదనో, ఫ్యూయల్ పంపు బాగాలేదనో వేల కార్లను వెనక్కి పిలవడం మీరే వార్తగా వేస్తుంటారు. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరసగా తగలబడినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోండి. విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లల్లోనే బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ ఏప్రిల్ నెలలోనే ఒకినావా 3,215 స్కూటర్లను, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిపించాయి. ఇద్దరు ఎక్కే బండికి ఇంత చేశారు. ముప్పై నలభై మంది పడుకుని వెళ్లే బండికి ఎందుకు చేయరు?

బస్సులకు రీకాల్ కుదరదని ఎవరైనా అంటే బ్రిటన్ సంగతి చెప్పండి. 2024 ఆరంభంలో అక్కడ బీవైడీ, అలెగ్జాండర్ డెన్నిస్ కంపెనీలు కలిసి తయారుచేసిన ఎలక్ట్రిక్ సిటీ బస్సుల్లో ఏసీ, హీటర్ వ్యవస్థ వల్ల మంటలు రావచ్చని 1,758 బస్సులకు రీకాల్ ప్రకటించారు. ఆ ప్రకటన బహిరంగంగా వచ్చింది. పేపర్లలో పడింది. బస్సు నడిపేవాడికీ ఎక్కేవాడికీ తెలిసింది. అవి కూర్చుని వెళ్లే సిటీ బస్సులు, మంట వస్తే తలుపు దగ్గరే. మనవి రాత్రిపూట పడుకుని వెళ్లే స్లీపర్లు.

మన దగ్గర చట్టం లేదనుకున్నాను. మా అమ్మాయి లా చదువుతోంది. తనను అడిగితే తీసి చదివి వినిపించింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 110ఏ అనే సెక్షన్ పెట్టారు. ఒక రకం బండిలో ఉన్న లోపం వల్ల ప్రయాణికులకో, రోడ్డు మీది జనానికో హాని కలగవచ్చనుకుంటే ఆ బండ్లను వెనక్కి పిలవమని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. అందులోనే ఇంకో ముక్క ఉంది, అది విన్నాక మళ్లీ చదివించుకున్నాను. లోపం ఒక విడిభాగంలో ఉంటే, ఆ భాగం ఉన్న బండ్లన్నిటినీ, అవి ఏ రకమైనా, ఏ మోడలైనా సరే, వెనక్కి పిలవమనవచ్చు. ఏసీ యూనిట్ విడిభాగం కాకపోతే మరేమిటి? లోపం సంగతి ఓనర్లే చెప్పాలని కూడా లేదు. పరీక్షా సంస్థ చెప్పవచ్చు, మరే దారిన తెలిసినా సరే అని చట్టంలోనే ఉంది. అంటే ఈ ఉత్తరం కూడా పనికొస్తుందనే నా ఆశ.

చట్టం బాగానే ఉంది, దాని కింద చేసిన నిబంధనల్లోనే కంతలున్నాయి. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కంపెనీ తనంతట తాను పిలవకుండా ప్రభుత్వం పిలిపించాల్సి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. బాగుంది. కానీ ఓనర్ల ఫిర్యాదుల మీద కదలాలంటే, బస్సుల విషయంలో ఏటా అమ్మిన బండ్లలో 3 శాతానికి ఫిర్యాదులు రావాలి. కారు కొన్నవాడు ఒక్కడే, కోపం వస్తే ఫిర్యాదు రాస్తాడు. బస్సు అలా కాదు. ఒక్కో ఓనరుకు పదులకొద్దీ బండ్లు ఉంటాయి, వాటి మీద ఫైనాన్సు ఉంటుంది. నా బండి ఏసీలో మంటలు వస్తున్నాయని రాతపూర్వకంగా ఇస్తే రేపు టికెట్ ఎవరు కొంటారు? ఇన్సూరెన్సు వాడు ఏమంటాడు? అందుకని గుట్టుగా నా దగ్గరకొచ్చి, కనెక్టర్ కోసేసి డైరెక్టుగా వైరు కలిపించుకుని పోతాడు. ఫిర్యాదు లెక్కలోకి ఆ బండి ఎప్పటికీ రాదు.

రెండో కంత ఇంకా పెద్దది. ఏడేళ్లు దాటిన బండ్లు ఈ నిబంధనల కిందికి రావు. ట్రావెల్స్ లైనులో ఉన్నవాళ్లను అడగండి, బస్సు చేతులు మారేది ఎప్పుడని. పెద్ద కంపెనీ కొన్నేళ్లు మెయిన్ లైనులో తిప్పి, చిన్న ఓనరుకు అమ్మేస్తుంది. ఆయన సీట్లు తీసి బెర్తులు పెడతాడు, బెర్తుకో ఛార్జింగ్ పాయింట్, రంగురంగుల లైట్లు, టీవీ పెడతాడు. వాటన్నిటికీ కరెంటు ఎక్కడిది? పాత వైరింగ్ నుంచే లాగుతారు. తొడుగులు గట్టిపడి, జాయింట్లు వదులై, భారం రెట్టింపై, సరిగ్గా కాలడానికి సిద్ధంగా ఉన్న వయసులో ఆ బండికి చట్టం వీడ్కోలు చెబుతోంది.

2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయిన బస్సు 2018లో మొదట డామన్‌లో రిజిస్టరై, తర్వాత ఒడిశా నంబరుకు మారింది. 19 మంది ప్రయాణికులు అందులోనే కాలిపోయారు. నిజం చెప్పాలి కదా, అది ఏసీ మంట కాదు. బైకు బస్సు కిందికి పోయి ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర 45 మందిని పొట్టనపెట్టుకున్న వోల్వోదీ ఏసీ మంట కాదు. కల్వర్టును కొట్టుకుని డీజిల్ ట్యాంకు పగిలింది. అన్నిటినీ ఏసీ నెత్తిన రుద్దే ఉద్దేశం నాకు లేదు. కానీ కర్నూలుకు పది రోజుల ముందు, అక్టోబరు 14న, జైసల్మేర్ నుంచి జోధ్‌పూర్ వెళ్తున్న బస్సు 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ బస్సును నాన్ ఏసీగా కొని, తర్వాత ఏసీ చేయించారని, ఏసీ వైరింగ్‌లోనే మంట పుట్టి ఉంటుందని అప్పట్లో వార్తలొచ్చాయి. అది చదివిన రోజు మా వీధిలో ఏసీ పని చేసే ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

మంట ఎక్కడ పుట్టినా ఒక స్లీపర్ బస్సులో అది పాకేది నిమిషాల్లోనే. ఏసీ పైకప్పులో పుడితే ఇంకో అన్యాయం ఉంది. పొగను మోసుకెళ్లే దారి ముందే సిద్ధంగా ఉంటుంది. బ్లోయర్లు తిరుగుతున్నంతసేపూ ఆ పొగ డక్టుల్లోంచి ప్రతి బెర్తు మీదకూ వెళ్తుంది. అద్దాలన్నీ బిగించి ఉంటాయి. కర్టెన్లు వేసి ఉంటాయి. డ్రైవర్ క్యాబిన్‌కు మధ్యలో తలుపు ఉంటుంది. ముందు ఆయన తన పాటలు తాను వింటూ నడుపుతుంటాడు. పైకప్పు మీద మంట అద్దంలో కనబడదు. వెనక నుంచి వచ్చే లారీవాడు లైట్లు కొట్టి ఆపితేనో, ప్యాసింజరెవరైనా దగ్గుతూ లేచి అరిస్తేనో తెలుస్తుంది.

దీనికీ ప్రమాణాలు రాసిపెట్టారు. ఇంజన్ దగ్గర మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటుకు ఏఐఎస్-135 అనే ప్రమాణం ఉంది. స్కూలు బస్సులకు, దూర ప్రయాణ బస్సులకు లోపల ప్యాసింజర్లు ఉండే భాగంలో కూడా ఫైర్ అలారం ఉండాలని 2022 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చారు. కొత్త బండ్లకు సరే. అయినా మా షెడ్డుకొచ్చిన ఒక బండిలో ఆ అలారం వైరు పీకేసి టేపు చుట్టి ఉంది. అడిగితే క్లీనర్ చెప్పాడు, అగరుబత్తి వెలిగించినా కూస్తోందట!

ఓనర్లందరూ దుర్మార్గులని రాస్తే చప్పట్లు కొట్టేవాళ్లు ఉంటారు. నేను రాయను. మే నెలలో ఏసీ ఆగితే ఏమవుతుందో ఎక్కినవాళ్లకు తెలుసు. అద్దాలు తెరుచుకోవు, లోపల ఉడుకు, పిల్లల ఏడుపులు. ప్యాసింజర్లు డ్రైవర్ మీదికి వెళ్తారు, ఫోన్లో వీడియో తీస్తారు, డబ్బులు వాపసు ఇవ్వమంటారు. అర్ధరాత్రి దాటాక డ్రైవర్ నుంచి నాకు ఫోన్ వస్తుంది.

"అన్నా, ఏసీ ఫ్యూజు ఊరికే పోతోంది. వేసిన పది నిమిషాలకే పోతోంది. ఇక్కడ జనం గోల. పెద్ద ఫ్యూజు వేసేయనా? లేకపోతే తీగ చుట్టేయనా?"

"వద్దు తమ్ముడూ. ఏదో మోటారు పట్టేసింది. ఆ వరస మొత్తం ఆపి, రెండో వరస మీద నడుపు. పొద్దున తీసుకురా."

"సగం గాలే వస్తుంది అన్నా, కొడతారు నన్ను."

నేను వద్దంటే ఇంకొకడికి ఫోన్ చేస్తాడు. తీగ చుట్టమని చెప్పేవాడు దొరక్కపోడు. పొద్దున బండి వస్తే ఓనరు ఫోన్ చేసి, సాయంత్రం ఆరింటికి లైను మీద ఉండాలంటాడు. మూత విప్పి, మోటార్లన్నీ చూసి, హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం పరిశీలించాలంటే ఒక పూట చాలదు. కాలిన ముక్క కోసి, కొత్త ముక్క అతికించి పంపుతాం. ఇదే కంపెనీ రీకాల్ కింద జరిగితే బండి ఒక రోజు ఆగుతుంది, భాగం కంపెనీదే, ఖర్చు కంపెనీదే. ఓనరు కూడా అడ్డం చెప్పడు. ఉచితంగా మారుస్తామంటే వద్దనే ఓనరు నాకింకా కనబడలేదు.

ఇక బాధ్యత ఎవరిదని అడిగితే వినోదం మొదలవుతుంది. చాసిస్ (ఇంజన్, చక్రాలు ఉండే అడుగు భాగం) ఒకడిది, దాని మీద కట్టిన బాడీ ఇంకొకడిది, ఏసీ మూడోవాడిది, మార్పులు నాలుగోవాడివి. చాసిస్ కంపెనీని అడిగితే ఏసీ మేం పెట్టలేదంటుంది. ఏసీ కంపెనీ, మేం యూనిట్ ఇచ్చాం, వైరు లాగింది బాడీ బిల్డర్ అంటుంది. ఆ బస్సు బాడీ కట్టినవాడు తమిళనాడు కరూర్‌లో ఉంటాడు, లేదా బెంగళూరులో, ఓనరు తర్వాత ఏదేదో కలిపాడంటాడు. అనుమతి లేని మార్పు చేస్తే ఓనరుకు ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని చట్టంలో ఉంది. మార్పు చేసినవాడికి ఉన్న భయం, లోపం తయారుచేసి నోరు మూసుకున్నవాడికి లేకుండా పోయింది.

ఫిట్‌నెస్ సంగతి సరేసరి. కొత్త బస్సుకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, అద్దాలు పగలగొట్టే సుత్తులు ఉన్నాయో లేదో చూస్తారు. ఎఫ్‌సీ ముందు రోజు సుత్తులు అద్దెకు దొరుకుతాయన్న జోకు మా వీధిలో ఉంది. జోకేనో కాదో మీ విలేకరిని పంపి కనుక్కోండి. నిచ్చెన వేసి పైకెక్కి ఏసీ మూత విప్పిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. వాళ్లనూ అనలేం. ఏ యూనిట్‌లో ఏం చూడాలో చెప్పిన కాగితం వాళ్ల దగ్గర లేదు.

ఆ కాగితం తయారు చేయడం పెద్ద కష్టమేమీ కాదు. బస్సు రిజిస్ట్రేషన్‌లో ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు రాసినట్టే ఏసీ యూనిట్ కంపెనీ, సీరియల్ నంబరు కూడా వాహన్ అనే ప్రభుత్వ వాహనాల రికార్డులో ఎక్కించాలి. అప్పుడు ఒక లాట్‌లో లోపం బయటపడితే ఆ యూనిట్ ఉన్న బస్సు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఎన్ని చేతులు మారినా పట్టుకోవచ్చు. ఏడేళ్ల గీత ఎత్తేయాలి, కనీసం బస్సులకైనా. లోపమున్న భాగం మార్చినట్టు చూపించకపోతే ఎఫ్‌సీ ఇవ్వకూడదు. ఫిర్యాదుల శాతాల లెక్క బస్సులకు వదిలేసి, మంట, పొగ, కరిగిన వైరు అన్న ఫిర్యాదు ఏది వచ్చినా, ఒక్కటి వచ్చినా, విచారణ జరపాలి.

ఫిర్యాదులు ఎక్కడి నుంచి వస్తాయంటారా? రెండు రాష్ట్రాల ఆర్టీసీల దగ్గర ఏసీ బస్సులున్నాయి. ఏ బస్సులో ఎప్పుడు ఏ మోటారు పోయిందో, ఏ కనెక్టర్ మార్చారో డిపోల్లో జాబ్ కార్డుల మీద రాస్తారు. మా ప్రైవేటు వాళ్లలా నోటిమాట మీద నడిచే వ్యవహారం కాదది. ఆ కార్డులన్నీ ఒకచోట పోగేసి, ఏ కంపెనీ యూనిట్‌లో ఏ భాగం పదే పదే పోతోందో లెక్క తీసి, రవాణా శాఖకు ఇస్తే చాలు. రీకాల్‌కు కావాల్సిన సాక్ష్యం సగం అక్కడే దొరుకుతుంది. ఓనర్ల పరువు సమస్య కూడా రాదు.

మీ విలేకరులకు ఒక మనవి. బస్సు కాలిన వారానికి ఆ ఊరి పోలీసులను మళ్లీ అడగండి, ఫోరెన్సిక్ రిపోర్టులో ఏముందని. ఏ యూనిట్, ఏ సంవత్సరం, బిగించింది ఎవరు, ఏసీ తర్వాత బిగించిందా ముందు నుంచీ ఉన్నదా. ఆ వివరాలు రెండు మూడు ప్రమాదాలవి పక్కపక్కన పెట్టి అచ్చేస్తే మా షెడ్డులో మాకు కనబడేది అందరికీ కనబడుతుంది.

ప్యాసింజర్లకు కూడా ఒక్క మాట. ఏసీ గాలిలో కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే నెత్తి మీద మూత తిప్పేసి పడుకోకండి. అందరూ చేసేది అదే, ఆ వాసన పక్కవాడికి పంపించడం. డ్రైవర్ దగ్గరికి వెళ్లి ఏసీ మొత్తం ఆపించండి, బండి పక్కకు పెట్టించి, మెయిన్ కటాఫ్ స్విచ్‌తో కరెంటు మొత్తం ఆపేయమనండి. గొడవ పడితే పడండి. అరగంట ఉడుకు భరించినవాళ్లు ఇంటికి వెళ్తారు.

మా షెడ్డులో మార్చి పక్కన పడేసిన కనెక్టర్లు పారేయకుండా దాచాను. ఒక్కొక్కటి కవర్లో పెట్టి, బండి మోడలు, ఏసీ యూనిట్ సీరియల్ నంబరు, ఎప్పుడు మార్చిందీ రాసి ఉంచాను. రవాణా శాఖ వాళ్లుగాని, పరీక్షా సంస్థ వాళ్లుగాని అడిగితే ఇస్తాను, మీ ఆఫీసు ద్వారా కబురు చేస్తే చాలు. ఓనర్ల పేర్లు మాత్రం అడగొద్దు, చెప్పను. ఆదివారం షెడ్డు తెరవం, మిగతా రోజుల్లో ఎప్పుడొచ్చినా సరే.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ
(పేరు ప్రచురించవద్దని మనవి)